చదువూ చదరంగమూ

పదవ తరగతి ఫలితాలు వెలువడిన కొద్ది రోజులకు ఎన్నో తెలుగు ఇళ్ళలో చదరంగపు పెట్టె అటక ఎక్కుతుంది. ఎక్కించేది ఒక్కొక్క ఇంట తండ్రి, ఒక్కొక్క ఇంట ఆ విద్యార్థే. ‘రెండేళ్ళే కదా, ప్రవేశపరీక్షలు కాగానే దించుకోవచ్చు’ అన్న ఊరడింపు ఆ సమయంలో తప్పక వినిపిస్తుంది. ఆ రెండేళ్ళు ఆరవుతాయి. ఆపైన ఉద్యోగ ప్రయత్నం మొదలవుతుంది. ఎప్పటికో పెట్టె తెరిచి చూస్తే ఒక ఏనుగు, రెండు బంట్లు లెక్కకు రావు. ఆటా, చదువా అన్న ప్రశ్నకు ఆ ఇంట ఏనాడో సమాధానం దొరికిపోయింది. ఆ ప్రశ్నను అడిగిన తీరులోనే లోపముందేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ కలగదు.

చదరంగాన్ని నిరసించేవారూ సమర్థించేవారూ దానిని ఒకే తక్కెడలో తూచడం విచిత్రం. ఆట మార్కులను తగ్గిస్తుందని మొదటివారి భయం. బుద్ధికి పదును పెట్టి మార్కులను పెంచుతుందని రెండవవారి ఆశ. భయపడేవారికి సాహిత్యంలోనూ సాక్ష్యం దొరుకుతుంది. ప్రేమ్‌చంద్ 1924లో రచించిన ‘శత్రంజ్ కే ఖిలాడీ’ కథలో, వాజిద్ అలీషా రాజ్యం ఆంగ్లేయుల వశమవుతుండగా లక్నో నగరపు జాగీర్దారులిద్దరు చదరంగపు బల్ల ముందు నుండి లేవరు. రాజు బందీ అయినా చలించనివారు, చివరకు ఆట మీది తగవుతో కత్తులు దూసి ప్రాణాలు విడుస్తారు. దీనిని 1977లో సత్యజిత్ రాయ్ చలనచిత్రంగా తీశారు. అయితే ఆ ఇద్దరూ చెడినది చదరంగాన్ని ప్రేమించినందువల్లనా? తమపై పడిన బాధ్యతకు మొహం చాటువేయడానికి ఆ బల్లను అడ్డుపెట్టుకున్నారు, చెడ్డారు. చదరంగం లేకపోతే కోడిపందెమో పావురాల పందెమో వారికి ఆ పనికి ఉపకరించేది.

ఆశపడేవారి వాదం కూడ పరీక్షకు నిలవలేదు. ఇంగ్లండులో వంద ప్రాథమిక పాఠశాలలను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గంలోని పిల్లలకు తరగతి వేళలలోనే చదరంగం నేర్పారు. మరుసటి ఏడు ఉభయుల గణిత పరీక్షాఫలితాలను పోల్చి చూస్తే చెప్పుకోదగిన తేడా కనిపించలేదని 2016లో వెలువడిన నివేదిక తెలిపింది. దీనికి చదరంగ ప్రియులు చిన్నబుచ్చుకోవలసిన అవసరం లేదు. వీణ నేర్చుకునే అమ్మాయిని, ఆ సాధన వల్ల భౌతికశాస్త్రంలో ఎన్ని మార్కులు పెరిగాయని ఎవరూ అడగరు. చదరంగాన్ని మాత్రమే ఆ లెక్క అడుగుతారు, చూపులకు అది చదువును పోలి ఉంటుంది కనుక.

చదువునూ చదరంగాన్నీ జీవితాంతం వెంట నిలుపుకొన్నవారిలో హాలెండు దేశీయుడు మాక్స్ యూవే చరిత్ర తరచి చూడదగినది. 1901లో ఆమ్‌స్టర్‌డామ్ చేరువలో జన్మించిన యూవే, ఆ నగర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1926లో డాక్టరేటు పొందారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక బాలికల పాఠశాలలో గణితోపాధ్యాయులుగా చేరి 1940 వరకు ఆ కొలువులోనే ఉన్నారు. ఆ మధ్యకాలంలోనే, 1935లో, ప్రపంచ చదరంగ విజేత అయ్యారు.

ఇది ఎట్లు సాధ్యమైంది? ఆయన ఏ పోటీకి ఎప్పుడు వెళ్ళాలో చాలవరకు పాఠశాల సెలవుల పట్టికే నిర్ణయించేది. ఇంగ్లండులోని హేస్టింగ్స్ పట్టణంలో క్రిస్మస్ సెలవులలో జరిగే పోటీ ఆయనకు అనువైనది. 1930-31లో అక్కడ, అంతకుముందు ప్రపంచ విజేతగా వెలిగిన కాపాబ్లాంకాను వెనుకకు నెట్టి ప్రథమ స్థానం సంపాదించారు. సెలవులు తీరగానే ఆ విజేత మళ్ళీ నల్లబల్ల ముందు సుద్దముక్క పట్టి నిలిచేవారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టరాదని తెలుగువారు అంటారు. యూవే కాళ్ళు రెండూ ఒకే పడవలో ఉండేవి. రెండవదానిని ఆయన తాడుతో వెంట కట్టుకొన్నారు.

1935 అక్టోబరులో అలెగ్జాండర్ అలెఖిన్‌తో పోరు ప్రారంభమైంది. మొత్తం 30 ఆటలు, హాలెండులోని వివిధ పట్టణాలలో. మొదటి ఏడు ఆటలు ముగిసేసరికి అలెఖిన్ మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు. ఇక పాఠాలు చెప్పుకోవడమే మేలని ఎవరైనా అనుకొనే స్థితి అది. డిసెంబరు మధ్యకు లెక్క తారుమారయింది. తొమ్మిది విజయాలు, ఎనిమిది ఓటములు, పదమూడు సమాన ఫలితాలతో 15½ – 14½ తేడాన యూవే గెలిచారు. అలెఖిన్ మద్యపానమే దీనికి కారణమని ఇప్పటికీ చెప్పేవారున్నారు. ప్రపంచ విజేతపై తొమ్మిది ఆటలు నెగ్గడాన్ని ఎదుటివాని సీసాకు ముడిపెట్టడం న్యాయం కాదు.

యూవే గణితమూ చదరంగమూ కలిసిన చోటు ఒకటుంది. నిర్ణీత ఎత్తుల వరుస వెంటవెంటనే మూడుమార్లు పునరావృతమైతే ఆట సమానమని ఒక నియమం ఆ రోజులలో ఉండేది. ఆట అంతులేకుండా సాగకుండుటకే ఆ నియమం. అది నిజంగా ఆటకు అంతు తెస్తుందా అని యూవేకు సందేహం కలిగింది. 1929లో ప్రకటించిన ఒక వ్యాసంలో ఆయన సున్నాలు, ఒకట్లతో ఒక వరుసను నిర్మించారు. మొదట 0, దాని పక్కన దాని తలకిందులు చేర్చితే 01, దానికి దాని తలకిందులు చేర్చితే 0110, ఆపైన 01101001. ఇట్లు ఎంత దూరం పెంచినా అందులో ఏ ముక్కా వెంటవెంటనే మూడుమార్లు రాదు. సున్నాకు ఒక రకపు ఎత్తులను, ఒకటికి మరొక రకపు ఎత్తులను కేటాయిస్తే, నియమాన్ని ఎక్కడా ఉల్లంఘించకుండానే ఇద్దరు ఆటగాళ్ళు కల్పాంతం వరకు ఆడుకుంటూ పోవచ్చు! ఆటలో పుట్టిన ప్రశ్నకు తరగతి గదిలో ఉండవలసిన సమాధానం దొరికింది. ఆటను పూర్తిగా అటక ఎక్కించిన గణితజ్ఞునికి ఈ ప్రశ్న తట్టే అవకాశం తక్కువ.

ఈ జీవితానికి వెల లేకపోలేదు. 1937లో జరిగిన మరుపోరులో అలెఖిన్ 15½ – 9½ తేడాతో కిరీటాన్ని తిరిగి తీసుకొన్నారు. 1948లో ఐదుగురి మధ్య ప్రపంచ విజేత పదవికి పోటీ జరిగినప్పుడు యూవేకు దక్కినది చివరి స్థానం. అందులో గెలిచిన బోత్విన్నిక్ కూడ విద్యుత్ ఇంజనీరే అన్నది గమనార్హం. అయితే ఆయన వెనుక సోవియట్ రాజ్యం నిలిచి ఉంది. సెలవులలో ఆడే ఉపాధ్యాయుడు ఒకమారు శిఖరం ఎక్కగలడేమో కాని, అక్కడ కాపురం పెట్టడం కష్టం.

వెల చెల్లించే తీరు మనిషికి మనిషికీ మారుతుంది. 1894 నుండి 1921 వరకు, ఇరవై ఏడేళ్ళు, ప్రపంచ విజేతగా ఉన్న ఎమాన్యుయేల్ లాస్కర్ 1905లో ప్రకటించిన గణిత సిద్ధాంతం నేటికీ బీజగణిత గ్రంథాలలో ఆయన పేరుతోనే ఉంది. కాని ఏ విశ్వవిద్యాలయమూ ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. అమెరికాకు చెందిన కెన్నెత్ రోగాఫ్ 1978లో గ్రాండ్‌మాస్టర్ అయి, 1980లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది, పోటీలను విడిచిపెట్టారు. హార్వర్డ్ ఆచార్యులయ్యారు. 2001 నుండి 2003 వరకు అంతర్జాతీయ ద్రవ్యనిధికి ప్రధాన ఆర్థికవేత్తగా పనిచేశారు. 2012లో మాగ్నస్ కార్ల్‌సన్ ఎదుట కూర్చొని, నిమిషాలలో ముగిసే శీఘ్రపు ఆటలో ఆయనను నిలువరించి సమానంగా ముగించారు. ముప్పై ఏళ్ళు పోటీలకు దూరంగా ఉన్న చేయి ఆటను మరువలేదన్నమాట.

నోయమ్ ఎల్కీస్ మార్గం వేరు. 1993లో, 26 ఏళ్ళ ప్రాయంలో, హార్వర్డ్‌లో శాశ్వత ఆచార్య పదవి పొందిన ఈ గణితజ్ఞుడు చదరంగంలో తనకు తగిన భాగాన్ని మాత్రమే ఎంచుకొన్నారు. చదరంగ సమస్యలను సాధించే పోటీలో ప్రత్యర్థి ఉండడు. కాగితం మీద పావుల అమరిక ఇస్తారు, నిర్ణీత కాలంలో మార్గం కనుగొనాలి. ఆ విభాగంలో 1996లో ఆయన ప్రపంచ విజేత. నెలల తరబడి ఊరూరా తిరిగే పని లేదు, సెలవు చీటీ ఇవ్వవలసిన పని లేదు. సమతుల్యం అంటే రోజును సరిగా రెండు సమభాగాలు చేయడమని తలచేవారు ఎల్కీస్‌ను చూడాలి.

నేటి పోటీ చదరంగం యూవే కాలపుది కాదు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ నాలుగవ తరగతి తరువాత పూర్తికాలపు బడికి వెళ్ళలేదు. శస్త్రవైద్యుడైన తండ్రి తన వృత్తిని పక్కనపెట్టి కుమారుని వెంట దేశదేశాలు తిరిగారు. 2024 డిసెంబరులో, 18 ఏళ్ళకు, ఆ బాలుడు ప్రపంచ విజేత అయ్యాడు. ఆ కుటుంబం తీసుకొన్న నిర్ణయం ఫలించింది కనుక అది సాహసమయింది. అట్లే నిర్ణయించుకొని ఫలించని ఇళ్ళ పేర్లు పత్రికలలో రావు. పదిహేనేళ్ళకు గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపి వంటివారికి దారి చిన్ననాడే స్పష్టమవుతుంది. పదహారేళ్ళ వరకు స్పష్టం కానివారికి అది ఓటమి కాదు. చదరంగం నుండి తనకు కావలసినది బిరుదా, సాంగత్యమా అని ఆ వయసులో నిజాయితీగా అడుగుకొనవలసినది విద్యార్థే. బిరుదే కావాలంటే చదువులో వెనుకబడే అవకాశాన్ని ఇంటిల్లిపాదీ ఎరిగి ఒప్పుకోవాలి. సాంగత్యమే కావాలంటే పెట్టెను అటక ఎక్కించే పని లేదు.

అయితే సాంగత్యమంటే ఏమిటో కూడ తెలిసి ఉండాలి. సెల్‌ఫోనులో మూడు నిమిషాల ఆటలు ఒకదాని వెంట ఒకటి అర్ధరాత్రి వరకు ఆడడం చదరంగాభిమానం కాదు, ఆ లక్నో జాగీర్దారుల పనే. ఓడిన ఆటను గెలుపుతో కడుగుకోవాలన్న తహతహలో పావులు కనిపించవు, రసాయనశాస్త్రమూ కనిపించదు. వారానికి ఒక్కటే ఆట, ఒక గంట నింపాదిగా ఆడి, ఎత్తులను నోటుపుస్తకంలో రాసుకొని, ఎక్కడ దారి తప్పినదీ మరునాడు వెదుక్కొనేవాడు ఎక్కువ నేర్చుకొంటాడు. వాని చదువుకు దాని వల్ల వచ్చే నష్టం ఆదివారం ఒక మధ్యాహ్నం. రోజుకు పన్నెండు గంటలు తరగతులూ పర్యవేక్షిత అధ్యయనమూ జరిపే వసతి కళాశాలలు ఆ మధ్యాహ్నాన్ని కూడ వారాంతపు పరీక్షకు ఇచ్చివేశాయి. అవి ఒక్క గదినీ రెండు గంటలనూ తిరిగి ఇవ్వగలిగితే ఇళ్ళలోని పెట్టెలు హాస్టలుకు రావడానికి వెనుకాడవు.

1937లో కిరీటం పోయిన తరువాత యూవే పాఠశాలను విడువలేదు. మరి కొన్నేళ్ళు అదే ఊళ్ళో ఆ బాలికలకే లెక్కలు చెప్పారు. 1964లో, అరవై దాటిన వయసులో, టిల్‌బర్గ్‌లో కంప్యూటర్ శాస్త్ర ఆచార్యులయ్యారు. 1970 నుండి 1978 వరకు ప్రపంచ చదరంగ సమాఖ్యకు అధ్యక్షులుగా ఉన్నారు. ఆ రెండు పనుల మధ్యలో ఎప్పుడు వీలైతే అప్పుడు ఆడుతూనే ఉన్నారు.