శూన్యము వేరు, రిక్తము వేరు

మన భాండాగారములలోని తాళపత్ర గ్రంథముల సూచికలు క్రమముగా కంప్యూటరులోనికి చేరుచున్నవి. 2003లో ప్రారంభమైన జాతీయ రాతప్రతుల మిషన్ ఈ కృషికి ఊతమిచ్చినది. ఇది హర్షింపదగిన పరిణామమే. అయితే పాత సూచికలో పండితుడు ఒక గడిని ఖాళీగా విడిచినచో, ఆ ఖాళీ కంప్యూటరులో ఏ రూపము దాల్చుచున్నదో మనము విచారింపవలసి యున్నది. విషయము చిన్నదిగా తోచును. దాని ఫలము మాత్రము చిన్నది కాదు.

ఒక సూచికలో ఐదు ప్రతులు కలవనుకొందము. 'లుప్తపత్రముల సంఖ్య' అను గడిలో మొదటి ప్రతికి 0, రెండవదానికి 4, మూడవదానికి 2 అని యున్నది. కడమ రెండు ప్రతులకు గడి ఖాళీ. మొదటి ప్రతిని పరిశీలకుడు ఆకు ఆకు లెక్కించి, ఒక్కటియు లోపింపలేదని నిశ్చయించి సున్న వ్రాసెను. చివరి రెండింటిని లెక్కించినవారు లేరు. కావున సున్న పరీక్షాఫలము. ఖాళీ, పరీక్షయే జరుగలేదనుటకు గుర్తు.

ఇప్పుడు గడులు నింపువారు ఖాళీలన్నింటను సున్నలు చేర్చిరనుకొందము. 'సమగ్రమైన ప్రతులు ఏవి?' అని అడిగిన పరిశోధకునకు ఒకటికి బదులు మూడు ప్రతులు లభించును. లుప్తపత్రముల సగటు రెండు కావలసినది 1.2కు దిగును. అంతకంటె పెద్ద ప్రమాదమేమనగా, పరిష్కర్త ఎన్నడును పరిశీలింపబడని ప్రతిని సమగ్రమని నమ్మి, అందు లేని శ్లోకములను ప్రక్షిప్తములని త్రోసిపుచ్చవచ్చును. ఆ శ్లోకములు పోయిన ఆకులలో ఉండెనేమో!

ఖాళీని ఖాళీగనే ఉంచినను చిక్కు పూర్తిగా తీరదు. దత్తాంశములను వెదకుటకు వాడు ఎస్.క్యూ.ఎల్. భాషలో ఖాళీ గడికి 'నల్' అని పేరు. 'సున్నకు సమానమైనవి' అని అడిగిన ఒక ప్రతి వచ్చును. 'సున్నకు సమానము కానివి' అని అడిగిన రెండు వచ్చును. ఐదింటిలో రెండు ప్రతులు ఏ జాబితాలోను కనబడవు. ఏలయన, నల్‌తో చేయు పోలిక సత్యమును కాదు, అసత్యమును కాదు. 'అజ్ఞాతము' అను మూడవ విలువ. యంత్రము సత్యమని తేలినవానినే చూపును. నల్‌కు నల్ సమానమా అన్నను ఉత్తరము అజ్ఞాతమే. అందుచే 'ఈజ్ నల్' అను ప్రత్యేకమైన ప్రశ్న వేసి వానిని వేరుగా వెలికితీయవలెను.

ఈ వివేకము మన శాస్త్రములకు క్రొత్త కాదు. భాట్టమీమాంసకులు అభావజ్ఞానమునకు అనుపలబ్ధిని ప్రమాణముగా అంగీకరించిరి. కాని అది యోగ్యమైన అనుపలబ్ధి కావలెననిరి. వెలుతురున్న గదిలో కుండ కనబడనిచో కుండ లేదనవచ్చును. చీకటి గదిలో కనబడనిచో అట్లనరాదు. సూచికలోని సున్న వెలుతురులో చూచి పలికిన 'లేదు'. ఖాళీ గడి చీకటి గది.

ఖాళీలలోను భేదము కలదు. తాళపత్రములకు సూత్రరంధ్రములుండును, కుట్టి కట్టిన కాగితపు ప్రతికి ఆ ప్రశ్నయే వర్తింపదు. 1970లో రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించిన ఇ.ఎఫ్. కాడ్, 1990 నాటి తన గ్రంథమున 'ఉండదగియు తెలియనిది', 'వర్తింపనిది' అని రెండు వేర్వేరు గుర్తులను సూచించెను. సి.జె. డేట్ వంటివారు ఇట్టి గుర్తులు తర్కమును జటిలము చేయునని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో బలమున్నది. అయినను, తెలియనిదానిని తెలిసినట్లు నమోదు చేయుట దానికి పరిహారము కాజాలదు.

ఇది యంత్రజ్ఞుల పని, మనకేల అనువారు కలరు. పాత కార్డుపై గల ఖాళీకి 'లేదు' అని అర్థమో, 'చూడలేదు' అని అర్థమో యంత్రజ్ఞుడు ఎరుగడు. ప్రతిని చేతబట్టిన పండితుడే ఎరుగును. కావున నా మనవి ఇది. సంఖ్యాగడి ప్రక్కన స్థితిని తెలుపు మరొక గడి ఏర్పరచి, అందు 'లెక్కింపబడినది', 'లెక్కింపబడలేదు', 'వర్తింపదు' అను మూడింటిలో ఒకదానిని తప్పక వ్రాయవలెను. సంశయమున్నచోట ప్రతిని మరల విప్పి చూడవలెను. శ్రమ పెరుగును, నిజమే. కాని 'లెక్కింపబడలేదు' అను జాబితాయే రేపటి పరిశోధకునకు చేయదగిన పనిని చూపును. ఖాళీలో వ్రాసిన సున్న ఆ పని ముగిసినదని అతనిని నమ్మించును.