గటకా కావాలె, గోలీ కావాలె

జొన్న గటక తింటారని మనల్ని ఎక్కిరించినోళ్లే ఇవ్వాళ పట్నంలో జొన్నరొట్టె బండి ముందు లైను కడుతున్నారు. కొర్రలు, సామలు, తైదలు ‘షుగరుకు మంచిది’ అని చీటీ అంటించుకుని సన్నబియ్యం కన్నా ఎక్కువ ధర పలుకుతున్నాయి. మన తిండి వాళ్లింటికి పోయింది. దొరల రోగమనుకున్న షుగరు మన వాడకొచ్చింది. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధనా మండలి లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా ఉన్నది.

ఈ తిండిలో సత్తువ లేదని కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు 11 దేశాల పరిశోధనలు కలిపి చూసి 2021లో చెప్పారు: చిరుధాన్యాలు తిన్న షుగరు రోగులకు పరగడుపు చక్కెర 12 శాతం, తిన్న తర్వాతి చక్కెర 15 శాతం తగ్గిందని. పీచు వల్ల నిదానంగా అరుగుతుంది. మెంతుల్లోని జిగురు కూడా అదే పని చేస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పుడో 1980లలోనే పరీక్షించింది. అయితే వాళ్లిచ్చింది పోపులో వేసే చిటికెడు కాదు, గుప్పెడు. ఇంకో మాట. తైదలు మెత్తగా పట్టించి పల్చటి జావ తాగితే చక్కెర తొందరగానే ఎక్కుతుంది. బరక గటకో రొట్టెనో నయం, పక్కన పప్పు, గునుగుకూరో తుమ్మికూరో ఉంటే మరీ నయం.

కానీ తిండి గోలీకి బదులు కాదు. మా పెద్దనాయిన ఊరందరికీ చెప్పులు కుట్టి, తాను వట్టి కాళ్లతో తిరిగిన మనిషి. ఒకడు కాకరరసం సీసా అమ్మి, “గోలీలు ఎందుకే, ఇది తాగు” అన్నాడు. మూడు నెలలు గోలీలు బంద్. కాల్లో ముల్లు దిగితే స్పర్శ తెలియలేదు. పుండు పడి వేలు తీసేశారు. కాకరను పరీక్షించిన చోట కూడా అది మెట్‌ఫార్మిన్ గోలీ అంత పని చేయలేదు. ఆ గోలీ పుట్టుక కూడా యూరప్‌లోని ఒక మొక్క నుంచి వచ్చిన ఆలోచనే, 1957లో ఫ్రాన్స్‌లో రోగులకిచ్చిన ఫలితాలు అచ్చయ్యాయి. అంటే మొక్కకూ మందుకూ పగ లేదు, పగ పెట్టేది సీసా అమ్మేటోడు. గోలీలతో పాటు ఈ రసాలు తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు వస్తే వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలి. డాక్టరుకు చెప్పకుండా తాగొద్దు.

“మరి జొన్నలే తినరాదురా” అని సలహా ఇచ్చే పెద్దమనుషులను ఒకటడగాలి. ఏ భూమిలో పండించాలె? ఉన్న కుంటెడు చెలక పత్తికి పోయింది. కొనాలంటే కూలి చాలదు. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. మంచిదే, తరతరాలు నూకలు తిన్న మనకు తెల్లన్నం హక్కే. దాన్ని తీసేయమని ఎవడన్నా అంటే ఊరుకోం. కానీ మూడు పూటలా అదొక్కటే అయితే షుగరున్న మనిషి గతేంది?

జహీరాబాద్ దిక్కు దళిత ఆడోళ్ల సంఘాలు 1990లలోనే బీడు భూములు దున్ని, జొన్నలు పండించి, ఊళ్లోనే పేదలకు తక్కువ ధరకు పంచినయ్. 2013 ఆహార భద్రతా చట్టంలోనూ బియ్యం, గోధుమల పక్కన ముతక ధాన్యాల పేరుంది. కాగితం మీద ఉన్నది డీలరు కాటా మీదకు ఎందుకు రాదు?

ముప్పై ఏండ్లు దాటినోళ్లకు ఉచితంగా షుగరు పరీక్ష చేయాలన్నది సర్కారు కార్యక్రమమే. సంఘం తమ్ముళ్లారా, వచ్చే గ్రామసభలో రెండు దరఖాస్తులు పెట్టండి. కోరినోళ్లకు రేషన్‌లో, హాస్టళ్లలో జొన్నలు, తైదలు. సబ్‌సెంటర్లో నెల నెలా పరీక్ష, గోలీలు, కాళ్లు చూసే నర్సమ్మ. దరఖాస్తు మీద ముద్ర వేయించుకోవడం మరువకండి.