మూసెయ్యడం కాదు, తోముకోవాలి

చోడవరం వెళ్తుంటే మా డీజిల్ కారు మిట్ట ఎక్కలేక మొరాయించింది. వెనక నల్లపొగ, ముందు పసుపు లైటు. చూసిన మెకానిక్ "ఈజీఆర్ వాల్వుకి మసి పట్టింది. రేకుముక్క పెట్టి మూసేద్దాం, ఇక గొడవుండదు" అన్నాడు. మా వారు సరే అనబోయారు. నేను వద్దన్నాను.

ఆ వాల్వు ఊరికే పెట్టలేదు. ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపి, మంట వేడి తగ్గిస్తుంది. వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. మూసేస్తే మన బండి సుఖంగానే పోతుంది. ఆ విషవాయువు మాత్రం రోడ్డు పక్కన బడికి నడిచెళ్లే పిల్లలు, ఆయాసంతో బాధపడే ముసలివాళ్లు పీల్చాలి.

స్టవ్ బర్నర్ కన్నాలు పూడితే మనం బర్నర్ పారేస్తామా? తోముకుంటాం. ఇదీ అంతే. ఆదివారం ఇంజిన్ బాగా చల్లారాక, బ్యాటరీ వైరు తప్పించి, మా వారు వాల్వు విప్పారు. వాకిట్లో గాలి తగిలేచోట, నిప్పుకి దూరంగా కూర్చుని, చేతికి గ్లౌజులేసుకుని, కార్బ్ క్లీనర్ కొట్టి పాత టూత్‌బ్రష్‌తో మసి వదిలించాను. కరెంటు కనెక్షన్ ఉన్న వైపు తడి తగలనివ్వలేదు. కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాం. నాలుగు రోజులు తిరిగాక లైటు ఆరింది.

మళ్లీ మసి పట్టదా అంటే, పడుతుంది. ఇంజిన్ వేడెక్కకుండానే ఆపేసే చిన్న ప్రయాణాలకి ఇంకా త్వరగా పడుతుంది. పట్టినప్పుడల్లా తోముకోవడమే. వాల్వే పాడైతే మార్చుకోవడమే. మన ఇబ్బంది తీరడం కోసం పొగని పక్కింటి పిల్లల మీదికి తోసెయ్యడం మాత్రం రిపేరు కాదు.