‘నిన్న నేను రాశాను’

మాది శావల్యాపురం. గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో ఉంటుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. అలాంటివాణ్ణి హైదరాబాదు వచ్చి స్పానిష్ క్లాసులో చేరానంటే ఊళ్ళో అందరూ, “అదేం చదువురా, ఎవరితో మాట్లాడతావురా?” అన్నారు. ఎవరితోనో ఎందుకు, క్లాసులోనే మాట్లాడలేకపోయాను!

కారణం భూతకాల క్రియలు. ‘ఆబ్లార్’ అంటే మాట్లాడటం, ‘ఆబ్లే’ అంటే మాట్లాడాను. ఇంతవరకు బాగానే ఉంది. ‘తెనేర్’ అంటే కలిగి ఉండటం. లెక్క ప్రకారం ‘తెనీ’ కావాలి. కాదట, ‘తూబే’ అట! ‘ఇర్’ అంటే వెళ్ళడం, వెళ్ళాను అంటే ‘ఫుయ్’. ఉండటానికి వాడే ‘సెర్’కీ అదే ‘ఫుయ్’! లాటిన్‌లో అది ‘ఉండు’ క్రియ సొత్తే. ‘వెళ్ళు’ దాన్ని అరువు తెచ్చుకుని మళ్ళీ తిరిగివ్వలేదు.

ఓ రోజు ‘తెనీ’ అన్నాను. వెనక బెంచీలు గొల్లుమన్నాయి. నెల రోజులు మళ్ళీ నోరు విప్పితే ఒట్టు.

అప్పుడే హాస్టల్లో ఒక ఒరియా మిత్రుడు తెలుగు నేర్చుకుంటూ, “నిన్న నేను రాశాను” అన్నాడు. “ఏం రాశావ్?” అన్నాను. పాపం, వచ్చానని అతని భావం! “చెయ్యి–చేశాను, వెయ్యి–వేశాను. మరి రా–రాశాను ఎందుకు కాదు?” అని నిలదీశాడు. నా దగ్గర జవాబు లేదు. రా–వచ్చాను, తే–తెచ్చాను, పో–పోయాను అని నాకెవరూ పట్టిక ఇవ్వలేదు. “వచ్చావా, తిన్నావా” అని అమ్మ రోజూ అడగ్గా అడగ్గా వచ్చినవే. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించక ముందు మాత్రం మన తాతముత్తాతలు నిన్నటి కబుర్లు చెప్పుకోలేదా?

ఆలోచిస్తే ఏ భాషలోనైనా దారి తప్పిన క్రియలు చాలావరకు రోజూ నోట్లో నలిగేవే. రావడం, పోవడం, ఉండటం, ఇవ్వడం. నిత్యం వాడటం వల్లనే వాటి పాత రూపం చెక్కుచెదరలేదు. కాబట్టి వాటిని వాడుకలోనే పట్టాలని నా అభిప్రాయం. పట్టిక వద్దనను. కాని యాభై క్రియలు ఒకేసారి నెత్తిన పెడితే ఏం లాభం? ‘తూబే’, ‘ఎస్తూబే’, ‘ఆందూబే’ ఒక ఇంటి అన్నదమ్ములు. అలా గుంపుగా పరిచయం చేసి, నిన్న ఏం చేశావో చెప్పమని రోజూ అడిగితే అవే పట్టుబడతాయి.

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: తప్పు చెప్పినవాణ్ణి ముందు వాక్యం పూర్తి చెయ్యనివ్వండి, తర్వాత దిద్దండి. మిత్రులారా, మీరూ ఎదటివాణ్ణి చూసి నవ్వకండి, వాడితో కలిసి నవ్వండి. ఆ ఒరియా మిత్రుడు ఇవాళ తెలుగులో నన్నే ఆటపట్టిస్తున్నాడు. నేను పోగొట్టుకున్న నెల రోజులు మాత్రం తిరిగి రాలేదు.