ఎంబెడెడ్ ల్యాబ్‌లో మైక్రోఆంపులు కొలిపించాలి

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈసీఈ చివరి ఏడాది ప్రాజెక్టు అనగానే పొలంలో తేమ చెప్పే పరికరం గుర్తొస్తుంది. వైవా రోజున అది చక్కగా పనిచేస్తుంది. పక్కనే ప్లగ్ పాయింట్ ఉంటుంది కదా. చేని గట్టు మీద ప్లగ్ ఉండదు.

అసలు కథ అక్కడే మొదలవుతుంది. ఇలాంటి ప్రాజెక్టుల్లో వాడే నోడ్‌ఎంసీయూ బోర్డు మీది ఈఎస్‌పీ8266 చిప్ డీప్ స్లీప్‌లో దాదాపు 20 మైక్రోఆంపులే తీసుకుంటుంది. కానీ అలాంటి చాలా బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 వోల్టేజి రెగ్యులేటర్‌కు నిద్ర లేదు. పనేమీ లేకున్నా సుమారు 5 మిల్లీఆంపులు, అంటే చిప్ కన్నా 250 రెట్లు, లాగేస్తూనే ఉంటుంది. 2,000 మిల్లీఆంప్-అవర్ బ్యాటరీ 17 రోజులకే ఖాళీ. పాపం విద్యార్థి తప్పంతా తన ప్రోగ్రాంలోనే ఉందనుకొని వెతుకుతాడు. మీటరు పెట్టి చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు.

పొదుపుగా బతికే మైక్రోకంట్రోలర్ చిప్‌లు కొత్తవేమీ కావు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2010లోనే ఎంఎస్‌పీ430 లాంచ్‌ప్యాడ్ బోర్డును 4.30 డాలర్లకు అమ్మింది. ఆ కుటుంబంలోని జీ2553 చిప్ 1 మెగాహెర్ట్జ్, 2.2 వోల్టుల దగ్గర పనిచేస్తూ 230 మైక్రోఆంపులు, స్టాండ్‌బైలో 0.5 మైక్రోఆంపు తీసుకుంటుంది. 15 నిమిషాలకోసారి ఒక్క సెకను లేచి, సెన్సర్‌తో కలిపి 5 మిల్లీఆంపులు వాడి, తేమ విలువ రాసుకొని మళ్లీ పడుకుంటే సగటున 6 మైక్రోఆంపులు. 220 మిల్లీఆంప్-అవర్ సీఆర్2032 బిళ్ల బ్యాటరీకి కాగితం మీద నాలుగేళ్ల ఆయుష్షు! రేడియో కలిపితే ఇది బాగా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో లెక్కకట్టడం విద్యార్థికి రావాలి.

హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్ తయారుచేసే ఓటింగ్ యంత్రం లోపల ఉన్నదీ మైక్రోకంట్రోలరే. బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టే కరెంటు లేని గూడెంలోనూ పోలింగ్ జరుగుతుంది.

ఈ పొదుపు నేర్పడానికి, ఇంటెల్ 1980లో తెచ్చిన 8051 మైక్రోకంట్రోలర్‌ను సిలబస్‌లోంచి తీసేయాల్సిన పని లేదు. రిజిస్టర్లు, ఇంటరప్టులు నేర్చుకోవడానికి అది నేటికీ మంచి పాఠమే. గోడ ప్లగ్గుకు కట్టేసిన దాని ట్రైనర్ కిట్ మీద మాత్రం కరెంటు పొదుపు ఎవరికీ రాదు.

అందుకే యూనివర్సిటీల బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఎంబెడెడ్ ల్యాబ్‌లో రెండు ప్రయోగాలు చేర్చాలి: నిద్రలో ఉన్న చిప్ కరెంటు కొలవడం, దాన్నిబట్టి బ్యాటరీ ఆయుష్షు లెక్కకట్టడం. 200 మైక్రోఆంపుల రేంజి ఉన్న మామూలు మల్టీమీటరు చాలు. ఆ రేంజిలో ఉండగా చిప్ మేల్కొంటే వోల్టేజి మీటరులోనే పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది. కాబట్టి ఆ క్షణంలో మీటరును పక్కకు తప్పించే స్విచ్చి ఒకటి కావాలి. ఎంఎస్‌పీ430 లాంటి చిప్ మేల్కొన్నప్పటి కరెంటు తెలియడానికి 10 ఓమ్‌ల రెసిస్టరు మీది వోల్టేజి కొలిస్తే సరిపోతుంది.

ప్రతి ప్రాజెక్టు రిపోర్టులో మూడు అంకెలు తప్పనిసరి చేయాలి: మెలకువలో కరెంటు, నిద్రలో కరెంటు, బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుంది. వైవాలో ఎగ్జామినర్ మొదట అడగాల్సింది ఈ మూడే.