మెరుగుపెట్టి... మళ్లీ గరుకు!

మట్టికుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం. ఖంగుమంటే ఇంటికి తెచ్చుకుంటాం, లేకపోతే పక్కన పెట్టేస్తాం. అదే 75,848 కుండలు కొనాలంటే? అన్నీ ఒకేలా మోగాలంటే?

స్విట్జర్లాండ్-ఫ్రాన్స్ సరిహద్దులోని సెర్న్ శాస్త్రవేత్తలకు ఇలాంటి పనే పడింది. భూమికి దాదాపు 100 మీటర్ల లోతున ఉన్న సీఎంఎస్ డిటెక్టర్‌కి సరిగ్గా అన్ని లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలు కావాల్సొచ్చాయి. చూడ్డానికి గాజుకడ్డీలా ఉంటుందిగానీ, అంతే పరిమాణంలోని ఉక్కు కన్నా బరువు. ఎలక్ట్రానో, ఫోటానో దూసుకొస్తే దాన్ని లోపలే ఆపేసి మిణుక్కుమంటుంది. ఆ వెలుగెంతో కొలిస్తే కణం శక్తి తెలుస్తుంది. నిజానికి ఆ వెలుగు మరీ మసక. సోడియం అయొడైడ్ స్ఫటికంతో పోలిస్తే వందల రెట్లు తక్కువ. అయినా దీన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, వేగం కోసం. సెకనుకు 4 కోట్లసార్లు కణాల గుంపులు ఎదురుపడే చోట, మొదటి మెరుపు ఆరకముందే రెండోది వస్తే లెక్క తప్పుతుంది మరి!

రష్యాలోని బొగొరొదిత్స్క్‌లో, చైనాలోని షాంఘైలో వీటిని పెంచారు. ఒక్కోదానికి సుమారు రెండు రోజులు. చివరిది 2008లో అందింది.

సెర్న్‌లోనూ, రోమ్ దగ్గరా ఆటోమేటిక్ యంత్రాలతో పరీక్షలు చేశారు. ప్రతి స్ఫటికానికీ ఓ బార్‌కోడ్. కొలతల్లో తేడా మిల్లీమీటరులో పదోవంతు మించకూడదు. రకరకాల రంగుల కాంతి పంపి ఎంత బయటికొస్తోందో చూస్తారు. రేడియోధార్మిక పదార్థాన్ని పొడవునా జరుపుతూ ఎక్కడ ఎంత మెరుస్తోందో లెక్కగడతారు.

అసలు తిరకాసు ఇక్కడే. ఈ కడ్డీలు ఒక చివర కాస్త సన్నం. అన్నివైపులా అద్దంలా నున్నగా ఉంటే, సన్నటి చివర పుట్టిన వెలుగే ఎక్కువగా అందుతుంది. అంటే ఒకే శక్తికి రెండు లెక్కలన్నమాట. దానికి వాళ్లు చేసిన పనేంటో తెలుసా? ఒక పక్క కావాలనే గరుకుగా ఉంచారు! ఎంత గరుకో కొలిచి మరీ.

ఇంత పట్టుదల ఎందుకూ అంటే, హిగ్స్ బోసాన్ రెండు ఫోటాన్లుగా విడిపోయేది వెయ్యిలో రెండుసార్లే. శక్తి కొలత కొంచెం అటూఇటూ అయినా ఆ ఆనవాలు కలిసిపోతుంది. డిటెక్టర్ బిగించాక స్ఫటికం మార్చడమా... అయ్యే పని కాదు. 2012 జులై 4న హిగ్స్ కబురు చెప్పినప్పుడు ఈ ఫోటాన్ల జంటలే కీలక ఆధారాల్లో ఒకటి.

పాసైనా పరీక్ష తప్పలేదు. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే వెలుగు 2 శాతం తగ్గుతుంది. అందుకే 18 డిగ్రీల దగ్గరే ఉంచుతారు. రేడియేషన్ తగిలితే మసకబారి, కణాల తాకిడి ఆగాక మెల్లగా తేరుకుంటాయి. ఆ మసకెంతో తెలుసుకోవడానికి, కణాల గుంపులు లేని ఖాళీ క్షణాల్లో ఒక్కో స్ఫటికంలోకీ నీలి లేజర్ కాంతి పంపే ఏర్పాటు చేశారు.