సైకియాట్రీ నర్సు తయారయ్యేది జనరల్ వార్డులోనే

2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి, మత్తుమందు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు జనం పోటెత్తారు. చేతుల వణుకు, ఫిట్స్, లేనివి ఉన్నట్టు కనిపించడం, వింత చేష్టలు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు చేరేలోపు వాళ్లను మొదట పట్టుకుని కూర్చున్నది జిల్లా ఆసుపత్రుల్లోని మామూలు నర్సులే.

సిద్దిపేటలో నర్సింగ్ చదువుతున్న పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం జనరల్ నర్సింగ్‌లో డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండి, రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదైతే చాలు, మెంటల్ హెల్త్ నర్సే. ప్రత్యేక కోర్సు తప్పనిసరి కాదు. అంటే బాధ్యత పట్టాతో పాటే వచ్చి పడుతుంది. సిద్ధపాటు మాత్రం బీఎస్సీలో ఐదు, ఆరు సెమిస్టర్లకే పరిమితం. కొన్ని వారాలు ఎర్రగడ్డకు వెళ్లి, ముదిరిన జబ్బులను చూసి, భయం వెంటబెట్టుకుని తిరిగొచ్చే విద్యార్థులే ఎక్కువ. ఆ పోస్టింగ్ అవసరమే, కానీ చాలదు.

మనసు జబ్బు సిద్దిపేటలో సైకియాట్రీ బోర్డు వెతుక్కుంటూ రాదు. పురుగుల మందు తాగి క్యాజువాలిటీకి వస్తుంది. బిడ్డను దగ్గరికి తీసుకోని బాలింతగా కాన్పుల వార్డులో ఉంటుంది. మల్లన్నసాగర్ జలాశయం కింద వేములఘాట్, పల్లెపహాడ్ ఊళ్లు మునిగాక గజ్వేల్ కాలనీలకు చేరిన ముసలివాళ్లు 'నిద్ర పడ్తలేదు, పాణం మంచిగ లేదు' అంటూ బీపీ గోలీల కోసం వస్తే, ఆ మాట వెనక ఏముందో అడిగే మనిషి కావాలి.

అడగడం నేర్చుకోవలసిన విద్య. 'చనిపోవాలనిపిస్తుందా?' అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. మందు తాగి బతికినవారిని వార్డులోనే తిట్టిపోయడం మనకు అలవాటైన క్రూరత్వం. అదే చట్టంలోని 115వ సెక్షన్ వారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలంటుంది, వారికి చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిదేనంటుంది. చార్టులో 'సహకరించడం లేదు' అని రాసి వదిలేయకుండా, రోగి అన్న మాటను అన్నట్టే రాయడం మొదటి ఏడు నుంచే అలవాటు కావాలి. కేసు తీసుకునేటప్పుడు 'కల్లు ఎప్పుడు బంద్ చేసిండ్రు?' అన్న ప్రశ్న మరవకూడదు. సారా గానీ బ్రాందీ గానీ మానేసిన రెండు మూడు రోజులకు వచ్చే సన్నిపాతాన్ని పిచ్చి అనుకుని మంచానికి కట్టేస్తే ప్రాణం పోవచ్చు. కట్టేయడానికీ చట్టం హద్దులు పెట్టింది: తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్టు అనుమతితోనే.

ఈ పునాది ఉన్నవాళ్లకు ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా, రెండేళ్ల ఎమ్మెస్సీ నిజంగా పనికొస్తాయి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో సైకియాట్రీ నర్సుకు చోటుంది. బ్రిటన్‌లోనైతే ఈ విభాగానికి వేరే రిజిస్ట్రేషనే ఉంది.

2018లో వచ్చిన మెడికల్ కాలేజీతో సిద్దిపేటకు బోధనాసుపత్రి సమకూరింది. నర్సింగ్ విద్యార్థులను అక్కడి సైకియాట్రీ ఓపీలో, డీఅడిక్షన్ కేసుల దగ్గర, ఊళ్లలో ఫాలోఅప్‌కు వెళ్లే బృందంతో నాలుగేళ్లూ విడతలవారీగా తిప్పవచ్చు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. పోస్టింగ్ పట్టిక మార్చి, వెంట నిలబడి నేర్పే ఒక సీనియర్ నర్సును కేటాయించాలి. వచ్చే విద్యా సంవత్సరంలోపే ఆ పని చేయాలి.